లాల్‌బాగ్ నడక, నేతి గిన్నె

ఉదయం ఆరు గంటలకు లాల్‌బాగ్ పెద్ద గేటు దగ్గర నిలబడితే, బెంగుళూరులో సగం మంది బూట్లు తొడుక్కుని అక్కడికే వచ్చారేమో అనిపిస్తుంది. కోతి టోపీలు పెట్టుకున్న పెద్దవాళ్ళు, చీర మీద స్వెటరు, కాళ్ళకు కాన్వాసు బూట్లు వేసుకున్న ఆడవాళ్ళు, చెవుల్లో వైర్లు పెట్టుకుని ఎవరినీ చూడకుండా పరుగెత్తే కుర్రకారు, అందరూ ఆ గేటులోంచే లోపలికి వెళతారు. ఈ తోటకు 1760లో హైదరాలీ పునాది వేస్తే, టిప్పు సుల్తాను పెంచాడు. ఇప్పుడు 240 ఎకరాలు. లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌ను చూసి కట్టిన గాజుమేడకు 1889లో పునాదిరాయి పడింది. జనవరిలోనూ ఆగస్టులోనూ పూల ప్రదర్శన ఇందులోనే. ఆ రోజుల్లో మాత్రం నడక అలవాటున్నవాళ్ళు అటువైపు పోరు. అక్కడ నడిచేది మనం కాదు, వెనకనుంచి జనం మనల్ని నడిపిస్తారు.

మా తాతగారు మదనపల్లె వైపు నుంచి వచ్చి చిక్కపేటలో బట్టల కొట్టు పెట్టారు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కొట్లో రెండూ కాక ఇంకో రెండు భాషలు. నా చిన్నతనంలో ఆదివారం పూట నాన్నగారు మమ్మల్ని లాల్‌బాగ్ తీసుకువెళ్ళి, కెంపేగౌడ గోపురం ఉన్న పెద్ద బండ ఎక్కించి, ఊరంతా చూపించేవారు. ఆ బండ వయసు సుమారు 300 కోట్ల ఏళ్ళని భూగర్భ శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు. హైదరాలీ, కెంపేగౌడ అందరూ దాని ముందు నిన్నటివాళ్ళే. అప్పట్లో పైనుంచి చూస్తే చెట్లూ పెంకుటిళ్ళూ కనిపించేవి. ఇప్పుడు చెట్లు లోపల, మేడలు బయట.

నేను బ్యాంకు ఉద్యోగం నుంచి 2021లో రిటైరయ్యాను. ఆ ఏడాది చివర చేయించుకున్న రక్తపరీక్షలో మూడు నెలల చక్కెర సగటు 6.3 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే గుమ్మంలో నిలబడ్డట్టు, 6.5 దాటితే ఇంట్లోకి వచ్చినట్టు. మా డాక్టరుగారు కాగితం మీద చిన్న గీత గీసి, "మీరిక్కడ ఉన్నారు. ఆరేడు కిలోలు తగ్గండి" అన్నారు. అప్పుడు నేను 82 కిలోలు. ఆయన ఊరికే అన్నమాట కాదది. 2002లో అమెరికాలో వెలువడిన పెద్ద పరిశోధనలో, ఇలా గుమ్మంలో ఉన్నవాళ్ళు బరువులో 7 శాతం తగ్గించి వారానికి 150 నిమిషాలు శ్రమ చేయాలని లక్ష్యం పెట్టుకుంటే, మధుమేహం వచ్చే అవకాశం 58 శాతం తగ్గిందని తేలింది. నాకు మాత్రం ఈ అంకెల కంటే ముందు నాన్నగారి ఎడమ కాలు గుర్తుకొచ్చింది. చక్కెర వ్యాధిలో మొదట వేళ్ళు, తరవాత పాదం పోగొట్టుకుని, చివరి నాలుగేళ్ళు ఆయన కిటికీ పక్క కుర్చీలోనే గడిపారు. లాల్‌బాగ్ బండ ఎక్కించిన కాలది.

అందుకని 2022 జనవరి నుంచి నడక మొదలుపెట్టాను. గేటులోంచి వెళ్ళి, బండ ఎక్కి దిగి, చెరువు చుట్టి, గాజుమేడ మీదుగా మళ్ళీ గేటుకు వచ్చేసరికి ఐదు కిలోమీటర్లు, గంట సమయం. రెండు వారాలకే స్నేహితులు దొరికారు. తపాలా శాఖలో పనిచేసిన పెద్దాయన ఒకరు, మిల్లర్ల దగ్గర లెక్కలు రాసినాయన ఒకరు, కోలారు గనుల్లో పనిచేసి వచ్చిన మన తెలుగాయన ఒకరు. నలుగురం మాట్లాడుకుంటూ నడుస్తాం. మాట్లాడుకుంటూ నడిచేవాళ్ళు అక్కడితో ఆగరు కదా.

పెద్ద గేటు నుంచి నాలుగు అడుగులు వేస్తే మావళ్ళి టిఫిన్ రూమ్స్, అందరూ పిలిచే పేరు ఎం.టి.ఆర్. 1924లో మొదలైన హోటలు, లాల్‌బాగ్ రోడ్డులోని ఈ చోటికి 1960లో వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బియ్యానికి కరువొస్తే రవ్వతో ఇడ్లీ వేసి చూసింది వీళ్ళేనని చెబుతారు. సోమవారం తప్ప పొద్దున్నే జనం బారులు తీరి ఉంటారు. ఆ బారులో సగం మంది కాళ్ళకు నడక బూట్లే. దోసె ఎర్రగా, మందంగా ముడుచుకుని వస్తుంది. పక్కన చట్నీ, సాగు, వీటితోపాటు ఒక బుల్లి గిన్నెలో కరిగిన నెయ్యి. తొలిరోజు ఆ గిన్నె చూసి నేను కొంచెం తటపటాయించాను. తపాలా మిత్రుడు నవ్వి, "ఐదు కిలోమీటర్లు నడిచాం సార్, అది ఎటు పోయిందో కూడా తెలీదు" అన్నాడు. ఆ మాట ఎంత హాయిగా ఉందో! కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేసరికి అది నా సిద్ధాంతమైపోయింది. నడిచిందానికి సరిపడా తినవచ్చు, అది మనం సంపాదించుకున్న సొమ్ము.

మా కోడలు నా పుట్టినరోజుకు చేతికి కట్టుకునే గడియారం కొనిచ్చింది. అది టైము ఒక్కటే చెప్పదు, అడుగులు లెక్కపెడుతుంది, గుండె కొట్టుకోవడం లెక్కపెడుతుంది, చివరికి ఎన్ని కేలరీలు ఖర్చయ్యాయో కూడా చూపిస్తుంది. నా గంట నడకకు అది రోజూ 410 అటూఇటూగా చూపేది. లెక్కల మనిషిని కదా, నాకు సంతోషం పట్టలేదు. చిక్కపేట కొట్లో నాన్నగారు చిట్టా, ఆవర్జా రాసినట్టే నేనూ ఒక నోటుపుస్తకం తీశాను. ఎడమవైపు తిన్నది, కుడివైపు నడిచింది.

రోజుకు ఎంత తినాలో తెలియాలి గనుక హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వేసిన పట్టిక చూశాను. మన తెలుగువాళ్ళకు ఈ సంస్థ పేరు తెలియాలి. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలి వచ్చింది. మన దేశంలో ఏ తిండిలో ఏముందో తూచి, కొలిచి చెప్పిన పుస్తకాలు అక్కడివే. 2020లో వాళ్ళు ప్రకటించిన లెక్క ప్రకారం 65 కిలోల మగవాడు కూర్చుని చేసే పనిలో ఉంటే రోజుకు 2,110 కేలరీలు, మోస్తరు శ్రమ చేస్తే 2,710, బరువు పని చేస్తే 3,470. 55 కిలోల ఆడవారికి వరసగా 1,660, 2,130, 2,720. నేను రోజూ నడిచేవాణ్ణి గనుక "మోస్తరు శ్రమ" అనే గడిలో నన్ను నేనే కూర్చోబెట్టుకున్నాను. 2,710కి గడియారం చూపిన 410 కలిపాను. రోజుకు 3,120 కేలరీల హక్కుదారుణ్ణి! అదృష్టం కొద్దీ అన్నీ తినలేకపోయాను.

జులైలో బరువు చూస్తే 84. చక్కెర సగటు 6.4.

ఆరు నెలలు, ఎండా వానా చూడకుండా నడిచిన మనిషి రెండు కిలోలు పెరిగాడు. ఆ రోజు మా ఆవిడ ఏమీ అనలేదు. అనకపోవడమే కష్టంగా ఉంది. రాత్రి కూర్చుని లెక్క వేశాను. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీలు ఉంటాయంటారు. రెండు కిలోలకు 15,400. దాన్ని 180 రోజులకు పంచితే రోజుకు 85. అంటే పాలు, పంచదార పోసిన ఒక్క కాఫీ! నేను దొంగ ఎక్కడో పెద్ద గోడకు కన్నం వేశాడనుకున్నాను. వాడు రోజూ గుమ్మంలోంచే వచ్చి, ఒక కాఫీ తాగి పోతున్నాడన్నమాట.

మరి దొంగ లోపలికి ఎలా వచ్చాడు? నోటుపుస్తకం పట్టుకుని ఒక పోషకాహార నిపుణురాలి దగ్గరికి వెళ్ళాను. ఆవిడ ఎడమ పేజీ చూసి ఏమీ అనలేదు, కుడి పేజీ చూసి నవ్వింది. మొదటి తప్పు గడియారానిది. ఊపిరి కొలిచే యంత్రంతో పోల్చి, చేతికి కట్టుకునే ఏడు రకాల పరికరాలను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వాళ్ళు పరీక్షించి 2017లో ఫలితం ప్రకటించారు. గుండె వేగం చాలావరకు సరిగ్గానే చెప్పాయి గాని, ఖర్చయిన శక్తి విషయంలో అన్నింటికంటే మంచిది కూడా సగటున 27 శాతం తప్పు చెప్పింది. అన్నింటికంటే చెడ్డది 93 శాతం. ఇక చదునైన నేల మీద నడిచేటప్పుడు, కూర్చున్నా ఖర్చయ్యేది తీసేస్తే, కిలో బరువుకు కిలోమీటరుకు అర కేలరీ చొప్పున వేసుకోమంది. నా 82 కిలోలకు, ఐదు కిలోమీటర్లకు 205. బండ ఎక్కినందుకు ఇంకో పదో పదిహేనో. గడియారం చూపినదాంట్లో సగం.

"కూర్చున్నా ఖర్చయ్యేది తీసేయడం ఎందుకమ్మా?" అన్నాను. "మీరు లాల్‌బాగ్ వెళ్ళకపోయినా ఆ గంటసేపు బతికే ఉంటారు కదండీ" అంది. నిజమే. గుండె కొట్టుకోవడానికీ, ఒళ్ళు వెచ్చగా ఉండటానికీ అయ్యే డెబ్భై ఎనభై కేలరీలు ఎలాగూ రోజు లెక్కలో ఉన్నాయి. గడియారం వాటినీ నడక ఖాతాలో రాసేసింది.

రెండో తప్పు నాది, ఇంకా పెద్దది. "మోస్తరు శ్రమ" అన్న 2,710లో శ్రమ ముందే కలిసి ఉంది. అదికూడా గంట నడిచి, మిగిలిన రోజంతా పేపరు చదివేవాడి శ్రమ కాదు, పూటంతా కాళ్ళూ చేతులూ ఆడించి పనిచేసేవాడిది. నేను లేని శ్రమను ఒకసారి, ఉన్న నడకను ఇంకోసారి జమ కట్టుకున్నాను. నాన్నగారుంటే గుమాస్తా చెవి మెలిపెట్టేవారు. ఒకే రశీదును రెండుసార్లు జమ రాసినవాణ్ణి ఆయన క్షమించగా నేను చూడలేదు.

మూడోది చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. మా కోడలు కనిపెట్టింది. నడక మొదలుపెట్టినప్పటి నుంచి నేను కూరగాయలకు స్కూటరు మీద వెళ్ళడం, మేడ మీదికి బట్టలు ఆరవేయడానికి వెళ్ళకపోవడం, మధ్యాహ్నం గంటన్నర నిద్రపోవడం. "పొద్దున్నే నడిచొచ్చాను కదమ్మా" అనేది ప్రతిదానికీ జవాబు. ఒళ్ళు కూడా ఇలాంటి పొదుపే చేస్తుందట. 2012లో టాంజానియాలోని హడ్జా అనే వేటగాళ్ళ తెగను పరిశోధకులు కొలిచి చూస్తే, రోజంతా అడవిలో తిరిగే వాళ్ళు, ఒంటి బరువును లెక్కలోకి తీసుకుంటే, కుర్చీలో కూర్చునే పట్నవాసులు ఖర్చుపెట్టినంతే ఖర్చుపెడుతున్నారని తేలింది. ఇది ఎందుకలా అన్నదాని మీద పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. మా ఇంట్లో మాత్రం వాదన లేదు, మంచం మీద దొరికిపోయాను.

ఎం.టి.ఆర్. దోసె ఒకటి, రవ్వ ఇడ్లీ ఒకటి, కాఫీ. ఎంత తక్కువ వేసినా ఆరు ఏడు వందల కేలరీలు. బుల్లి గిన్నెలో నెయ్యి మూడు చెంచాలనుకున్నా 15 గ్రాములు, గ్రాముకు 9 చొప్పున 135. అంటే నా నడకలో మూడింట రెండు వంతులు ఆ గిన్నెలోనే మునిగిపోయాయి. దోసె సంగతి తరవాత. హోటలును తప్పుపట్టడం లేదు సుమండీ. తొంభై ఏళ్ళకు పైగా వాళ్ళు వడ్డిస్తున్నది మారలేదు. నేనే దాన్ని పలహారం అనక జీతం అనుకున్నాను.

ఆవిడ నాకు రోజుకు 1,700 వేసి, "నడకతో కలిపే వేశాను, మళ్ళీ కలుపుకోవద్దు" అని గట్టిగా చెప్పింది. పాఠకులు ఎవరైనా ఇలా పథకం వేయించుకుంటే ముందుగా అడగవలసిన ప్రశ్న ఇదేనని నాకిప్పుడు తెలుసు. ఇచ్చిన అంకెలో శ్రమ కలిసి ఉందా, లేదా? కలిసి ఉంటే నడిచింది మళ్ళీ తినకూడదు. లేకపోతే, బాగా శ్రమపడిన రోజున కొంత తినవలసి ఉంటుంది. గడియారాలు ఎక్కువ చూపుతాయి గనుక అది చూపిన దాంట్లో సగానికి మించకుండా.

మొహం మాడ్చుకుని ఇంటికి వచ్చాను. మొహం మాడినవాడు మధ్యలో ఆగడు. 1,700 తినమంటే, నడిచిన 400 అందులోంచి తీసేసి 1,300తో సరిపెట్టాను. ఆరు నెలల పాపం ఆరు వారాల్లో కడిగేద్దామని. ఎం.టి.ఆర్. మానేశాను, మిత్రులను గేటు దగ్గరే వదిలేసేవాణ్ణి. ఐదు వారాల్లో నాలుగు కిలోలు తగ్గాను. అందరూ మెచ్చుకున్నారు. లోపల మాత్రం ఊరికే కోపం, రాత్రి నిద్ర లేదు, పచ్చడి సీసా మూత తిప్పలేకపోయాను. ఈ వయసులో తిండి మరీ తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ కూడా పోతుందని ఎవరూ చెప్పనవసరం లేకుండా ఆ సీసా చెప్పింది. అయినా వినలేదు. పైగా కనిపించినవాళ్ళకల్లా ఉపదేశం మొదలుపెట్టాను. "నడిచాక తిన్నామంటే నడిచిందంతా గంగలో పోసినట్టే" అన్నది కొత్త సిద్ధాంతం. తిరుపతి దాకా దాన్ని మోసుకుపోయాను.

మాకు ఏడాదికోసారి అలిపిరి నుంచి కాలినడకన కొండ ఎక్కే మొక్కు ఉంది. నాన్నగారి కాలు పోయినప్పుడు అమ్మ మొక్కుకున్నది. ఆయన ఎక్కలేరు గనుక పిల్లలు ఎక్కాలని. 2023 ఫిబ్రవరిలో బెంగుళూరు నుంచి మేమిద్దరం, చెన్నై నుంచి మా అక్కయ్యా బావగారూ తిరుపతిలో కలుసుకున్నాం. బావగారికి అప్పటికి అరవై ఆరేళ్ళు, పదిహేనేళ్ళుగా చక్కెర మాత్రలు. తెల్లవారుజామున నాలుగున్నరకు బసలో అక్కయ్య ఇడ్లీ పొట్లం విప్పబోతే నేనే ఆపాను. "బావా, ఖాళీ కడుపుతో ఎక్కితే ఒంట్లో కొవ్వు కరుగుతుంది. పైకి వెళ్ళాక చూద్దాం." ఆయన ఎప్పుడూ నా మాట తీసేసేవారు కాదు. మాత్ర మింగి, నీళ్ళు తాగి బయలుదేరారు.

పాదాల మండపం దగ్గర దణ్ణం పెట్టుకుని ఎక్కడం మొదలుపెట్టాం. అలిపిరి దారిలో మొత్తం 3,550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. పైన కప్పు ఉంటుంది గనుక ఎండ తగలదు. ప్రతి మెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టుకుంటూ వంగి వంగి ఎక్కే ఆడవాళ్ళు, కర్పూరం వెలిగించేవాళ్ళు, తండ్రి భుజం మీద నిద్రపోతున్న పసివాళ్ళు, గోవిందనామం. లాల్‌బాగ్‌లో ఒకరినొకరు దాటిపోవాలని చూస్తారు. ఇక్కడ దాటిపోయినవాడు వెనక్కి తిరిగి చెయ్యి అందిస్తాడు.

గాలి గోపురం దాకా ఉన్న రెండు వేల పైచిలుకు మెట్లే అసలైన ఎక్కుడు. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. 80 కిలోల మనిషిని అంత ఎత్తుకు లేపడానికి కావలసిన శక్తి 131 కేలరీలే, కాని మన కండరాలు తీసుకున్నదాంట్లో నాలుగో వంతో ఐదో వంతో మాత్రమే పనిగా మారుస్తాయి, మిగతాది చెమటా వేడీ. కాబట్టి ఎత్తుకే 500 నుంచి 650. ఆపైన 9 కిలోమీటర్ల నడక. మొత్తం ఎనిమిది తొమ్మిది వందలకు తగ్గదు. లాల్‌బాగ్ లెక్కకు నాలుగు రెట్లు. ఈ లెక్క నేను తరవాత వేసింది. ఆ పొద్దున నాకు తెలిసిన లెక్క ఒక్కటే, తినకూడదన్నది.

గాలి గోపురం ఇంక కొంచెం దూరంలో ఉందనగా బావగారు మెట్టు మీద కూర్చున్నారు. చొక్కా తడిసిపోయింది. చలిలో అంత చెమట ఏమిటా అనుకున్నాను. చేతులు వణుకుతున్నాయి. అక్కయ్య పేరు పెట్టి పిలవడం ఆయన అలవాటు, ఆ పూట ఆవిణ్ణి "అమ్మా" అని పిలిచారు. తరవాత నావైపు చూసి, "దుకాణం మూసేశారా?" అన్నారు. ఏ దుకాణమో ఇప్పటికీ ఆయనకే తెలియదు. అక్కయ్య కంగారు పడలేదు. చేతిసంచిలోంచి చక్కెర చూసే మిషను తీసి వేలు గుచ్చింది. 58. డెబ్భైకి తగ్గితేనే ప్రమాదం.

మా నలుగురి దగ్గరా తీపి వస్తువు ఒక్కటీ లేదు. నేనే వద్దన్నాను కదా. పక్కన మెట్లకు కుంకుమ పెడుతున్న ఒక పల్లెటూరి ఆవిడ మా గొడవ చూసి, కొంగున కట్టుకున్న పటికబెల్లం మూట విప్పి, "నమలమను నాయనా, నమలమను" అంది. ఆయన ఎవరి మాటా వినే స్థితిలో లేరు గాని, ఆవిడ మాట విన్నారు. నమిలారు, నీళ్ళు తాగారు. పావుగంట. గోవిందా అంటూ జనం మా పక్కనుంచి ఎక్కిపోతున్నారు. నేను గడియారం చూస్తున్నాను, కేలరీల కోసం కాదు. మళ్ళీ గుచ్చితే 84. ఆయన అక్కయ్యను పేరు పెట్టి పిలిచి, "ఇడ్లీ పొట్లం ఏదీ?" అన్నారు. అది బసలోనే ఉండిపోయింది. నా పేరు చెప్పి ఎవరూ ఏమీ అనలేదు. ఆ పల్లెటూరి ఆవిడ అప్పటికే నాలుగు మెట్లు పైన ఉంది.

గాలి గోపురం దగ్గర కొట్లో నాలుగు ఇడ్లీలు తిని, గంటసేపు కూర్చుని, చెన్నైలో వాళ్ళ డాక్టరుకు ఫోను చేశాం. ఆయన ముందు బావగారి అంకె అడిగి, తరవాత నన్ను ఫోనులోకి పిలిచారు. ఆ మాత్ర వేసుకున్నాక తినకుండా మెట్లు ఎక్కించడం ఎవరి ఆలోచన అని అడిగారు. చెప్పాను. కొన్ని మాత్రలు తిండి ఉన్నా లేకపోయినా చక్కెరను దించుతూనే ఉంటాయి, ఇన్సులిన్ కూడా అంతే, అలాంటివాళ్ళు శ్రమకు ముందు తినాలి, పెద్ద శ్రమయితే మధ్యలో కూడా తినాలి, జేబులో ఎప్పుడూ తీపి ఉండాలి, మందు మోతాదు మార్చాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి అన్నారు. చాలా మెల్లగా చెప్పారు. గట్టిగా తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

అక్కడి నుంచి చాలా దూరం దారి దాదాపు చదును. జింకల పార్కు పక్కగా, ప్రతి అరగంటకూ ఒక అరటిపండో బిస్కెట్టో తింటూ నడిచాం. మోకాళ్ళ పర్వతం దగ్గర మెట్లు మళ్ళీ నిట్టనిలువు. అక్కడ బావగారే నాకు చెయ్యి ఇచ్చారు. నా ఒంట్లోనూ ఓపిక అయిపోయింది. ఐదు నెలలుగా 1,300తో నెట్టుకొచ్చినవాణ్ణి. దర్శనం తరవాత లడ్డూ చేతికి వచ్చినప్పుడు పాత అలవాటు కొద్దీ మనసులో తూచబోయాను. అక్కయ్య అది లాక్కుని చిదిపి, పక్కనున్న పిల్లలకు తలా కొంచెం పెట్టి, మిగిలింది మా నలుగురికీ పంచి, ఇంటికని ఇంకొకటి సంచిలో వేసింది. ప్రసాదాన్ని ఒక్కడే మొత్తం తినడం మన ఇళ్ళల్లో ఎప్పుడూ లేదు కదా.

బెంగుళూరు వచ్చి ఆ నిపుణురాలికి అంతా చెప్పాను. మళ్ళీ 1,700కు తీసుకువచ్చింది, పప్పూ పెరుగూ గుడ్డూ పెంచింది. లాల్‌బాగ్ నడక రోజున ఏమీ కలపకూడదు. ఏడాదికొకసారి కొండ ఎక్కే రోజున మాత్రం లెక్క పుస్తకం ఇంట్లో వదిలి, ఎక్కే ముందు తిని, దారిలో తిని, దిగాక మామూలుగా భోంచేయాలి. ఆకలి విపరీతంగా వేసినా, తల తిరిగినా, వారానికి కిలో కంటే వేగంగా తగ్గినా తక్కువ తింటున్నట్టే లెక్క. బరువు చూసుకోవడం రోజూ కాదు, వారానికొకసారి, ఒకే వేళకు. రెండు మూడు వారాలు అంకె కదలకపోతే అప్పుడు పళ్ళెంలోంచి కొంచెం తీయాలి. గడియారం మాట కంటే తూకం మాట నమ్మాలి. 2023 చివరికి 76 కిలోలకు వచ్చాను, చక్కెర సగటు 5.9. అప్పటినుంచి ఒక కిలో అటూ ఇటూ. గడియారం ఇప్పుడూ చేతికి ఉంది. కోడలు కొనిచ్చింది, తీసేస్తే బాగుండదు. టైము చూసుకుంటాను.

పోయిన నెల అక్కయ్యా బావగారూ మా ఇంటికి వచ్చారు. పొద్దున్నే ఆయన నాతో లాల్‌బాగ్ బయలుదేరారు. బయలుదేరే ముందు మా ఆవిడ ఇచ్చిన రెండు బిస్కెట్లు తిని, చొక్కా జేబులో పటికబెల్లం ఉందో లేదో తడిమి చూసుకున్నారు. బండ పైన కాసేపు కూర్చున్నాం. నాన్నగారు ఊరు చూపించిన చోటు ఇదేనని చెప్పాను. ఆయనకు తెలుసు, ఏడాదికోసారి చెబుతాను. కిందికి వచ్చాక నా పాత మిత్రులు ముగ్గురూ గేటు దగ్గర ఎదురుచూస్తున్నారు. ఇప్పుడు మేము ఎం.టి.ఆర్.కు నెలకు ఒకసారి వెళతాం. ఇద్దరికి ఒక దోసె, ఎవరి కాఫీ వారిదే.

దోసె వచ్చింది. నెయ్యి గిన్నె మా ఇద్దరి మధ్యా పెట్టారు. బావగారు దాన్ని వేలితో నావైపు జరిపి, "ఒరేయ్, ఇది ఏ ఖాతాలో రాస్తావు?" అన్నారు. నేను ఒక ముక్క ముంచుకుని, గిన్నె మళ్ళీ ఆయన వైపు జరిపాను.